మా కర్నూలు - మా ఇంటి పుస్తకం



సావనీరు కోసం మన ఊరి చరిత్ర మీద నాలుగు మాటలు వ్రాయవలసిందిగా సంఘం పెద్దలు కోరారు. నేను బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పేవాణ్ణి. తెలుగులో తప్పులు దొర్లితే పాఠకులు మన్నించాలి. తెలుగులోనే ఎందుకు వ్రాస్తున్నానో చివర మనవి చేసుకుంటాను.

కర్నూలు చరిత్ర అనగానే కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుంబజు, పన్నీ పఠాన్ నవాబులు గుర్తుకు వస్తారు. అవన్నీ పుస్తకాల్లో గలవు. మా ఇంట్లో ఇంకొక పుస్తకం ఉండేది. ఎర్ర అట్ట వేసిన ఖాతా పుస్తకం. మా దాదా తన పెద్దల దగ్గర విన్నవి మొదటి పేజీల్లో ఎక్కించి, ఆ తర్వాత ఇంట్లో జరిగిన ప్రతి పుట్టుక, బిస్మిల్లా, నిఖా, మౌత్ తేదీతో సహా ఉర్దూలో వ్రాసి పెట్టేవారు. ఆయన తర్వాత మా అబ్బా వ్రాశారు. ఊరి చరిత్ర ఇంటి గడప దాటి లోపలికి ఎలా వచ్చిందో నేను ఆ పుస్తకంలోనే చదువుకున్నాను.

1839లో కంపెనీ వారు, కోటలో ఆయుధాలు పోగు చేస్తున్నాడని ఆరోపించి, నవాబు గులాం రసూల్ ఖాన్ మీదికి సైన్యాన్ని పంపారు. జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును పట్టుకుని తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి సంవత్సరం అక్కడే ఆయన కన్నుమూశారు. రాజ్యం కంపెనీ వశమయింది. చరిత్ర పుస్తకాల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. మా ఎర్ర పుస్తకంలో మాత్రం అక్కడే మొదలు. "కొలువు పోయింది, గుర్రం అమ్మినాము" అని ఒకే ఒక్క వాక్యం. నవాబు పోతే ఒక గద్దె పోయింది. ఆ గద్దెను నమ్ముకున్న ఇళ్ళల్లో పొయ్యి ఎలా వెలిగిందో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది.

1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారి కృషితో ఉస్మానియా కళాశాల వెలిసింది. అంతకు ముందు పై చదువు కావాలంటే మన పిల్లలు దూరప్రాంతాలకు పోవలసి వచ్చేది. అందుకు తాహతు ఎందరికి ఉండేది? మా వంశంలో మొదటి డిగ్రీ మా అబ్బాది. ఆ రోజు దాదా పుస్తకంలో వ్రాసి, కింద రెండు గీతలు గీశారు. నిఖాలకు కూడా ఆయన ఒక్క గీతే గీసేవారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. చాలినన్ని భవనాలు లేక ఆఫీసులు డేరాల్లో నడిచాయి. ఈనాటికీ ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని మనం అనుకునే పేర్లు ఆనాటి గుర్తులే. మద్రాసు నుంచి వచ్చిన ఒక గుమాస్తా గారికి ఇల్లు దొరక్కపోతే దాదా మా ముందు గది ఇచ్చారు. వారి మొదటి బిడ్డ మా ఇంట్లోనే పుట్టింది. దాదా ఆ పుట్టుకను కూడా మా పుస్తకంలోనే వ్రాశారు. "ఈ గడపలో పుట్టిన బిడ్డ ఈ పుస్తకంలో ఉండాల" అన్నారట. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. గుమాస్తా గారూ పోయారు. దాదీ ఆ ముందు గదిని చాన్నాళ్ళు ఎవరికీ బాడుగకు ఇవ్వనివ్వలేదు.

ఇక 2009. ఆ ఏడు రంజాన్ పండుగ సెప్టెంబర్ 21న. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా ఇరుగుపొరుగు ఇళ్ళ నుంచి తిరిగి రానేలేదు. అక్టోబర్ 2, శుక్రవారం, హంద్రీ, తుంగభద్ర రెండూ ఊరి మీద పడ్డాయి. ఎగువన కురిసిన వానలకు శ్రీశైలం చేరిన నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటింది. పాతబస్తీ మునిగింది. మేము పక్కింటి శెట్టిగారి మిద్దె మీదికి ఎక్కాము. ఆ రోజు జుమా నమాజు బదులు మిద్దె మీదనే జొహర్ చదివాము. శెట్టిగారి కోడలు తన పిల్లలకు దాచిన బొరుగులు ముందు మా పిల్లల చేతుల్లో పోసింది.

నీళ్ళు తీసిన తర్వాత ఇంటికి వస్తే మోకాటి లోతు బురద. సందూకులోని బట్టలు పోయాయి, దాదీ నిఖానామా పోయింది. ఎర్ర పుస్తకం దొరికింది గానీ, సిరా అంతా కరిగి నీలం ముద్ద అయిపోయింది. అబ్బా పేజీలు విడదీయబోతే చేతిలోనే చినిగిపోయాయి. ఇల్లు మునిగితే ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చారు.

ఆ చలికాలంలో దాదీని కూర్చోబెట్టుకుని కొత్త పుస్తకం మొదలుపెట్టాను. మా అక్క పుట్టిన రోజు దగ్గర దాదీ ఆగిపోయింది. అక్కడే కూర్చున్న శెట్టిగారి అవ్వ అందుకుంది: "బీబమ్మా, గ్యాపకం ల్యాదా? కార్తీక పున్నమి పోయిన మర్నాడు గదా! నేను దీపాలు పెట్టొచ్చి నీకు వేణ్ణీళ్ళు కాసిస్తిని." దాదీ, "అవు గదక్కా, నువ్వే గదా బిడ్డను ముందు ఎత్తుకుంది" అంది. ఇట్లా మా ఇంటి తేదీలు కొన్ని పక్కింటి పండుగల లెక్కలో దొరికాయి. సగం పుస్తకం తిరిగి వచ్చింది. మిగతా సగం తెలిసినవారు ఖబరస్తాన్‌లో ఉన్నారు. రెండేళ్ళకు దాదీ కూడా వెళ్ళిపోయింది. ఆమె మౌత్ తేదీ నేనే వ్రాశాను.

ఆ కొత్త పుస్తకాన్ని నేను మొదట ఉర్దూలోనే వ్రాశాను. ఒకనాడు నా కూతురు దాన్ని తిరగేసి, "అబ్బా, ఇందులో నా పేరు ఎక్కడుంది?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఊరి పిల్లలందరికీ అలిఫ్, బే నేర్పేవాణ్ణి, ఇంగ్లీషు మీడియంలో చేర్చిన నా సొంత బిడ్డకు నేర్పలేకపోయాను. 2016లో అబ్దుల్ హక్ గారి పేరు మీద మన ఊళ్ళోనే ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. సంతోషమే. కానీ తాత చేతివ్రాత మనవరాలు చదవలేకపోతే, వరద రాకుండానే ఆ పుస్తకం మునిగినట్లే గదా! ఆ తర్వాత ఎడమ పేజీలో ఉర్దూ, కుడి పేజీలో తెలుగు వ్రాస్తున్నాను. సాయంత్రం ఒక అరగంట ఆమెకు ఎడమ పేజీ చదవడం నేర్పుతున్నాను.

సోదర సోదరీమణులకు నా మనవి ఒక్కటే. ప్రతి ఇంట్లో ఒక పుస్తకం పెట్టండి. పెద్దవాళ్ళు ఉండగానే అడిగి వ్రాసుకోండి. పక్కింటి వాళ్ళను కూడా అడగండి, మన సంగతులు కొన్ని వాళ్ళ దగ్గర ఉంటాయి. నకలు ఒకటి వేరే చోట, ఎత్తైన చోట దాచండి. మన సంఘం పూనుకుని ఆ నకళ్ళు భద్రపరిస్తే అంతకన్నా మేలు లేదు.

అల్లాహ్ మన ఊరిని, మన ఇరుగుపొరుగును చల్లగా చూడాలని దువా చేస్తూ సెలవు.