ఆడకముందే గెలిచిన ఆట

పందెం జరుగకముందే విజేతను ప్రకటించడం పత్రికలకు నేడు కొత్తగా అబ్బిన అలవాటు కాదు. గుర్రపు పందాలు మొదలుకొని ఎన్నికల వరకు అది ఉన్నదే. ఊహ తప్పితే మరునాడు మరొక ఊహ. చదివినవారు మరచిపోతారు, వ్రాసినవారు అంతకంటె ముందుగా మరచిపోతారు. కాని ఒక్కొక్కప్పుడు అట్టి జోస్యానికి గొప్ప వెల చెల్లించవలసి వస్తుంది. ఆ వెల చెల్లించేవారు జోస్యం చెప్పినవారు కారు. 1950లో బ్రెజిల్ దేశంలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల కథ అటువంటిది.

యుద్ధం కారణంగా 1942లోను, 1946లోను ఈ పోటీలు జరుగలేదు. పన్నెండేండ్ల విరామం తర్వాత ఆతిథ్యం బ్రెజిల్‌కు లభించినది. ఇందుకై రియో డి జెనీరో నగరంలో మారకానా అనే మహా క్రీడాంగణాన్ని నిర్మించినారు. పోటీలు ప్రారంభమయ్యేనాటికి అందులో పనులు ఇంకా మిగిలియే ఉన్నవి. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలతో కూడిన వర్గంలో మన దేశానికిని స్థానం ఇచ్చినారు గాని మన జట్టు వెళ్లలేదు. వట్టి కాళ్లతో ఆడనివ్వనందువల్లనే మనవారు మానుకొన్నారన్న కథ పత్రికలలో దశాబ్దాల తరబడి తిరిగినది. దూర ప్రయాణం, ఒలింపిక్ క్రీడలకు ఇచ్చిన విలువను మన ఫుట్‌బాల్ సమాఖ్య ఈ పోటీకి ఇవ్వకపోవడం, ఇవి అంతకంటె ముఖ్య కారణాలుగా కనిపిస్తవి. అదే సంవత్సరం మొదలు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టును ఎరిగిన తెలుగువారికి ఈ గైరుహాజరు కొంత చింత కలిగించక మానదు.

ఇక అసలు విషయం. నేటివలె ఆనాడు ఫైనలు అని ఒక్క ఆట లేదు. తుది విడతకు చేరిన నాలుగు జట్లు, అనగా బ్రెజిల్, ఉరుగ్వే, స్వీడన్, స్పెయిన్, ఒకదానితో ఒకటి ఆడవలెను. గెలుపునకు రెండు పాయింట్లు, సమానమైతే ఒకటి. బ్రెజిల్ స్వీడన్‌ను 7-1 తేడాతో, స్పెయిన్‌ను 6-1 తేడాతో చిత్తుచేసినది. ఉరుగ్వే స్పెయిన్‌తో 2-2గా సరిపెట్టుకొని, స్వీడన్‌పై 3-2తో ఎట్లో గట్టెక్కినది. కనుక జూలై 16వ తేదీ ఆదివారంనాడు ఈ రెండు జట్లు కలిసినపుడు ఆట సమానంగా ముగిసినా కప్పు బ్రెజిల్‌దే. ఒకవైపు అయిదు కోట్లకు పైబడిన జనం గల దేశం. మరొకవైపు రమారమి ఇరువది రెండు లక్షల జనం గల చిన్న దేశం. పత్రికలవారి లెక్క తేలికగా తేలినది: ఏడు, ఆరు కలిపితే పదమూడు గోల్స్ చేసిన జట్టు ముందు, అవే రెండు జట్లపై అయిదు గోల్స్ మాత్రమే చేసిన జట్టు ఏమి నిలువగలదు?

ఈ లెక్కలో ఒక్క అంకె కూడ అబద్ధం కాదు. వాటితో చేర్చదగిన మరికొన్ని అంకెలను ప్రక్కకు నెట్టినారు. పక్షపాతం తరచుగా ఇట్లే ఉంటుంది. ఆ ఏటి మే నెలలోనే బ్రెజిల్, ఉరుగ్వే జట్లు బ్రెజిల్ గడ్డమీద మూడుసార్లు తలపడినవి. మొదటి ఆటను సావోపావులో నగరంలో ఉరుగ్వే 4-3తో గెలిచినది. తక్కిన రెండింటిని రియోలో బ్రెజిల్ 3-2, 1-0తో గెలిచినది. మూడు ఆటలు కలిపి ఏడు గోల్స్‌కు ఆరు. ఏకపక్షమని వీటినెవరనగలరు? రెండు నెలలైనా గడువలేదు. ఆ వార్తలను అచ్చువేసినవి ఈ పత్రికలే. పోటీల మొదటి విడతలో స్విట్జర్లాండు బ్రెజిల్‌ను 2-2గా నిలిపివేసినది. జూన్ 29న బెలో హొరిజొంతే నగరంలో అమెరికా జట్టు ఇంగ్లండును ఒక గోలుతో ఓడించి లోకాన్ని విస్మయపరచినది. చిన్నవాడని పేరుపడిన ఉరుగ్వే మాట చూడబోతే, 1924, 1928 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణం, 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు దానివే. ఆ తర్వాతి రెండు ప్రపంచ కప్పులలో అది పాల్గొననే లేదు. ప్రపంచ కప్పులో ఓటమి ఎరుగని జట్టును అర్భకుడని పిలిచినారన్నమాట.

మరొక సంగతి నాకు వీటన్నిటికంటె గట్టిదిగా తోస్తుంది. స్పెయిన్‌తో ఆడినపుడు ఉరుగ్వే 1-2తో వెనుకబడి కోలుకొన్నది. స్వీడన్‌తోను 1-2తో వెనుకబడి, చివరి పావుగంటలో రెండు గోల్స్ చేసి గెలిచినది. దీనిని పత్రికలు బలహీనత క్రింద జమకట్టినవి. వెనుకబడినపుడు గుండె చెదరని జట్టు అది అని అదే వార్తను మరొక విధంగా చదివి ఉండవచ్చును.

ఆటకు ముందు రియో నగరంలో జరిగిన హడావుడి ఇంతంత కాదు. 'ఓ ముండో' అనే పత్రిక బ్రెజిల్ జట్టు ఛాయాచిత్రం వేసి, వీరే జగజ్జేతలని శీర్షిక పెట్టినది. అది ఎన్నికల సంవత్సరం, అక్టోబరులో ఓట్లు. ఆటగాళ్లు ఊరికి దూరంగా ప్రశాంతమైన చోట బసచేసి ఉండగా, కడపటి రోజులలో వారిని నగరంలోని క్రీడాంగణానికి తరలించినారు. ఆ పిమ్మట రాజకీయ నాయకుల తాకిడి, కరచాలనాలు, ఛాయాచిత్రాలు! ఆటనాడు రియో నగరాధిపతి మెందిస్ ది మొరాయిస్ లౌడుస్పీకరులో ఉపన్యసిస్తూ, మరికొన్ని గంటలలో కోట్లాది ప్రజలు విజేతలుగా కీర్తింపబోయేవారని ఆటగాళ్లను సంబోధించినాడు.

ఆ 'ఓ ముండో' ప్రతులు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వారెలా కంటబడినవి. వాటిని తెచ్చి బస చేసిన హోటలు స్నానాల గదిలో పరచి, వాటికి చేయదగిన సత్కారం చేయుమని తోటివారితో అన్నాడని చెబుతారు. ప్రతులు కొన్నదెవరు, పరచినదెవరు అన్న విషయంలో కథలు పలు విధాలు. ఉరుగ్వే అధికారులే కొందరు తక్కువ గోల్స్ తేడాతో ఓడితే చాలునన్నారనీ, ఆ మాటకు వారెలా మండిపడినాడనీ కూడ అంటారు. అతనికప్పుడు ముప్పది రెండేండ్లు. ఎదుటివారి ఆర్భాటాన్ని తన జట్టుకు మందుగా మార్చడం తెలిసిన మనిషి.

ఆనాడు టిక్కెట్టు కొని ప్రవేశించినవారు 1,73,850 మంది. మొత్తంమీద రెండు లక్షలని అంచనా. మొదటి భాగం గోలు లేకుండ ముగిసినది. రెండవ భాగం ప్రారంభమైన రెండవ నిమిషంలో ఫ్రియాసా బ్రెజిల్ పక్షాన గోలు చేసినాడు. క్రీడాంగణం దద్దరిల్లినది. అప్పుడు వారెలా చేసిన పని గమనింపదగినది. బంతిని చంకలో ఇరికించుకొని, ఆఫ్‌సైడు అంటూ ఇంగ్లీషువాడైన రిఫరీ జార్జి రీడరుతో దుబాసీ సాయంతో వాదం పెట్టుకొన్నాడు. గోలు రద్దు కాదని అతనికి తెలియకపోలేదు. ఆ కేకలు సద్దుమణగేవరకు ఆటను ఆపడమే అతని కోరిక. 66వ నిమిషంలో స్కియాఫినో గోలుతో స్కోరు సమానమైనది. అప్పటికిని కప్పు బ్రెజిల్ చేతిలోనే ఉన్నది. 79వ నిమిషంలో కుడి అంచున దూసుకువచ్చిన గీగ్యా, బంతిని మధ్యకు అందిస్తాడని గోల్‌కీపరు బార్బోసా ఒక అడుగు ముందుకు వేయగా, ఆ సందులోనుంచి గోలులోనికి కొట్టినాడు. 2-1.

రేడియో గ్లోబో వ్యాఖ్యాత లూయిస్ మెందిస్ "ఉరుగ్వే గోలు" అన్న మాటను పలుమార్లు పలికినాడు, ఒక్కొక్కసారి ఒక్కొక్క స్వరంతో. మొదట చెప్పినట్లు, పిమ్మట తన్ను తానే ప్రశ్నించుకొన్నట్లు, చివరకు ఒప్పుకొన్నట్లు. మైక్రోఫోను ముందు కూర్చునే వృత్తిలోని మాకు ఆ మనిషి స్థితి ఊహించుకోవడం కష్టం కాదు. కండ్లు చూచినదానిని నోరు నమ్మడానికి కొంత వ్యవధి పడుతుంది. బౌరూ అనే ఊరిలో తొమ్మిదేండ్ల బాలుడొకడు రేడియోలో ఆ వార్త విని తండ్రి కంట నీరు పెట్టడం చూచి, నీకోసం నేను ప్రపంచ కప్పు గెలుస్తానని ఓదార్చినాడు. అతడే తర్వాత పెలే. 1958లో మాట నిలుపుకొన్నాడు.

ప్రపంచ సమాఖ్య అధ్యక్షుడు జూల్ రిమే స్కోరు 1-1గా ఉండగా బహుమానోత్సవానికై మెట్లు దిగినాడు. మైదానం చేరేసరికి అంతటా నిశ్శబ్దం. గౌరవ వందనం లేదు, జాతీయ గీతం లేదు, సిద్ధం చేసుకొన్న ఉపన్యాసానికి అవకాశం లేదు. గుంపులో వారెలాను వెదకి పట్టుకొని, కరచాలనం చేసి కప్పు చేతిలో పెట్టినాడు. ఆ రాత్రి వారెలా రియో పానశాలలలో ఓడినవారి మధ్యనే గడిపినాడు. వారి ఏడుపు చూచి తనకు గెలుపు చేదైనదని తర్వాత చెప్పుకొన్నాడు.

మరి పత్రికలు? అపరాధులను వెదకడంలో అవి వెనుకబడలేదు. నింద ప్రధానంగా గోల్‌కీపరు బార్బోసా, రక్షణ వరుసలోని బిగోడీ, జువెనాల్ అనే ముగ్గురిపై పడినది. ముగ్గురూ నల్లవారు. ఈ విషయాన్ని కాకతాళీయమని కొట్టివేయడం సాధ్యం కాదు. ఓటమి చూచిన తెల్లని దుస్తులనే అపశకునమన్నారు; 'కొరెయ్యో ద మన్యాన్' పత్రిక 1953లో కొత్త దుస్తుల నమూనాకు పోటీ పెట్టినది. అందులో గెలిచి నేటి పసుపుపచ్చ దుస్తులను ఇచ్చినవాడు అల్దీర్ స్క్లీ అనే యువకుడు. అతనిది ఉరుగ్వే సరిహద్దు ఊరు. అతని అభిమానమూ ఉరుగ్వే జట్టుమీదనే!

దుస్తులు మారినవి గాని బార్బోసా తలరాత మారలేదు. ఆ కాలంలో ఎన్నదగిన గోల్‌కీపర్లలో ఒకడైన అతడు, ఆ తర్వాత దేశం తరఫున ఆడినది ఒక్కసారి, 1953లో. అనేక సంవత్సరాల తర్వాత ఒక దుకాణంలో ఒక స్త్రీ తన బిడ్డకు తనను చూపి, బ్రెజిల్‌నంతా ఏడిపించినవాడితడే అన్నదని అతడే చెప్పుకొన్నాడు. 1993లో జాతీయ జట్టు శిబిరానికి పోతే అపశకునమని లోనికి రానీయలేదు. తమ దేశంలో గరిష్ఠ శిక్ష ముప్పది యేండ్లనీ, తాను చేయని నేరానికి ఏబది యేండ్లుగా శిక్ష అనుభవిస్తున్నాననీ చివరి రోజులలో అన్నాడు. 2000 ఏప్రిల్‌లో మరణించినాడు. అతనిని దాటి గోలు చేసిన గీగ్యా, ఆనాడు మైదానంలో ఆడినవారందరిలోను కడపటివాడుగా మిగిలి, 2015 జూలై 16న, సరిగా అరువది అయిదేండ్లు నిండిన దినాన, కన్నుమూసినాడు.