హోప్ టౌన్ హత్య: కథయు, విధివైపరీత్యమును

హత్యను గూర్చిన కథ చేతికి వచ్చినంతనే పాఠకుడు “చంపినవాడెవడు?” అని వెదకును. 1872వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీ సాయంకాలమున అండమానులోని హోప్ టౌన్ రేవులో జరిగిన హత్యయందు ఆ ప్రశ్నకు తావు లేదు. హంతకుడు తత్‌క్షణమే పట్టుబడెను. ఇచ్చట విచారింపవలసినది “ఏల చంపెను? ఎట్లు చంపగలిగెను?” అనునదియే.

హతుడైన మేయో ప్రభువు 1869లో భారతదేశమునకు రాజప్రతినిధిగా వచ్చెను. రాష్ట్రముల ఆర్థిక వ్యవహారములను కొంతవఱకు వికేంద్రీకరించినవాడు; వ్యవసాయశాఖను నెలకొల్పినవాడు. ద్వీపాంతరవాస ఖైదీల స్థితిగతులను స్వయముగా పరిశీలించుటకై ఆయన పోర్టు బ్లెయిరునకు వచ్చెను.

హంతకుడు షేర్ అలీ వాయవ్య సరిహద్దునందలి అఫ్రీదీ తెగవాడు. పెషావరులో ఆంగ్లాధికారులకడ కొలువు చేసినవాడు. వంశవైరమున బంధువునొకని చంపెనని 1867లో మరణదండన పొందెను. అది యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మార్పబడెను. శత్రువును చంపుట అతని తెగవారి దృష్టిలో నేరము కాదు. తనకు పడిన శిక్షయే అన్యాయమని యతడు తలచెను. ఉన్నతుడైన ఆంగ్లేయునొకని చంపవలెనను సంకల్పమును లోలోన పెంచుకొనుచు, పైకి మాత్రము సత్ప్రవర్తన గలవాడై, హోప్ టౌనులో క్షురకవృత్తి నవలంబించి జీవించుచుండెను.

ఇక కథా సంవిధానమును గమనింపుడు. కరడుగట్టిన ఖైదీలుండు వైపర్ దీవిలో ఆనాడు కట్టుదిట్టమైన కాపలా యుండెను. షేర్ అలీ పగలెల్ల ప్రయత్నించియు రాజప్రతినిధిని సమీపింపలేక నిరాశ చెందెను. అంతలో, పొద్దు మిగిలి యున్నదని, మేయో ప్రభువు తానై హోప్ టౌనునకు వచ్చి, మౌంట్ హారియట్ శిఖరమెక్కి సూర్యాస్తమయమును తిలకించెను. దిగివచ్చునప్పటికి చీకటి పడెను. దివిటీల వెలుగున రేవు మెట్లవద్దకు రాగా, అధికారి స్టూవర్టు ఏదో ఉత్తరువిచ్చుటకై ఒకింత ప్రక్కకు తొలగెను. ఆ క్షణమున షేర్ అలీ వెనుకనుండి దూకి వీపున రెండు పోట్లు పొడిచెను. పడవలో ఓడకు చేర్చులోపలనే ప్రభువు ప్రాణములు విడిచెను.

వేటగాడు వేసారి కూర్చుండగా వేట తానే యెదురు వచ్చెను. దుష్టులున్న చోట రక్షణయు, సత్ప్రవర్తకులున్న చోట మృత్యువును ఎదురయ్యెను. కాగితముపై వ్రాయబడిన సత్ప్రవర్తన మనుష్యుని హృదయమును చూపజాలదని కార్యాలయములలో పనిచేయు మనకీ కథ చెప్పకయే చెప్పుచున్నది.

తన వెనుక నెవరును లేరనియు, దైవమే తన భాగస్వామి యనియు షేర్ అలీ చెప్పెను. 1872 మార్చి 11న వైపర్ దీవిలో అతనిని ఉరితీసిరి. మన తెలుగు జిల్లాలు చేరియున్న మద్రాసు రాజధానికి గవర్నరైన నేపియర్ ప్రభువు కొంతకాలము రాజప్రతినిధి పదవిని నిర్వహించెను. 1875లో మేయో జీవితచరిత్రను ప్రకటించిన హంటరు, హంతకుని పేరు తన గ్రంథమున చేర్పనని నిశ్చయించుకొనెను. కాని చరిత్ర ఆ పేరును మఱువలేదు.

నేడు కొందఱతనిని స్వాతంత్ర్యవీరుడందురు. ఆనాటి పాలకులు రాక్షసుడనిరి. అతని మాటలను బట్టి చూడగా, దేశముకొఱకై కాక, స్వకీయమైన అభిమానము గాయపడుటచే చంపినట్లు తోచును. బిరుదులను ప్రక్కకు నెట్టి మనుష్యుని మనుష్యునిగా చూడగలుగుటయే కథాపఠనమునకును, చరిత్రపఠనమునకును ఫలము.