స్కాలప్ కండర కణాల వర్గీకరణ

స్కాలప్ సముద్రంలో నివసించే, రెండు చిప్పలు గల మొలస్కా జీవి. చిప్పలను మూసే అడక్టర్ కండరంలో రెండు భాగాలున్నాయి. రేఖిత భాగం వేగంగా సంకోచించి, నీటిని చిమ్ముతూ ఈదడానికి తోడ్పడుతుంది. నునుపు భాగం అతి తక్కువ శక్తితో చిప్పలను చాలాసేపు మూసి ఉంచుతుంది.

పద్ధతి

కండరాన్ని మొత్తంగా నూరి పరీక్షిస్తే జన్యువుల పనితీరు సగటుగానే తెలుస్తుంది. అరుదైన కణాల జాడ దొరకదు. 2009లో వెలువడిన ఏకకణ ఆర్.ఎన్.ఏ. అనుక్రమణ పద్ధతిలో ఒక్కొక్క కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా గుర్తించి, పోలికగల కణాలను కంప్యూటరు సాయంతో సమూహాలుగా విభజిస్తారు. పొడవాటి కండర కణాలు విడదీసేటప్పుడు దెబ్బతినవచ్చు కనుక, కేంద్రకాలను మాత్రమే వేరుచేసి పరీక్షించే విధానమూ ఉంది.

ప్రాముఖ్యత

స్కాలప్‌లో ఆహారంగా ఎక్కువ విలువైనది ఈ కండరమే. దాని పెరుగుదలకు మూలమైన కణాలు తెలిస్తే పెంపకానికి మేలైన రకాల ఎంపిక సులభమవుతుంది. అయితే క్షీరదాల్లో తెలిసిన గుర్తింపు జన్యువులు ఇక్కడ అదే అర్థాన్ని ఇవ్వకపోవచ్చు. కాబట్టి ప్రతి సమూహాన్నీ కణజాలంలో సూక్ష్మదర్శినితో సరిచూడాలి.