పీడ్‌మాంట్ ఎర్ర వైన్, ఆస్ట్రియా సుంకం

ఇటలీ ఏకీకరణ అనగానే మీకు మాజినీ, కవూర్, గారిబాల్డీ గుర్తుకు వస్తారు. ఆ ఉద్యమంలో ద్రాక్షతోటలకూ ఒక స్థానం ఉంది. అదేమిటో ఈ భాగంలో తెలుసుకుంటారు.

వాయవ్య ఇటలీలోని పీడ్‌మాంట్ కొండల్లో మూడు నల్లద్రాక్ష రకాలు ముఖ్యమైనవి. డోల్చెట్టో ముందుగా పండుతుంది, తరువాత బార్బెరా, అన్నిటికంటే ఆలస్యంగా నెబ్బియోలో. బార్బెరాకు పులుపూ ఎక్కువే, కాపూ ఎక్కువే. అందుకే సామాన్యులు రోజూ తాగే వైన్ అదే అయింది. ప్రసిద్ధమైన బరోలో వైన్ నెబ్బియోలోతో చేసేది. పంట ఆలస్యం కావడంతో రసం పూర్తిగా పులియకముందే చలి ముదిరేది. వైన్‌లో తీపి మిగిలిపోయేది. 19వ శతాబ్దంలో తయారీ పద్ధతులు మెరుగుపడ్డాకే బరోలో తీపిలేని వైన్‌గా స్థిరపడింది. 1832లో గ్రిన్‌జానే గ్రామానికి మేయర్ అయిన యువ కవూర్ కూడా అక్కడి తోటల అభివృద్ధికి కృషి చేశాడు.

ఇక రాజకీయాలు చూద్దాం. 1815లో వియన్నా సమావేశం లొంబార్డీని ఆస్ట్రియాకు అప్పగించింది. పీడ్‌మాంట్ వైన్ అమ్ముడయ్యే పొరుగు మార్కెట్ ఆ విధంగా పరాయి సుంకాల పాలైంది. తరువాత పీడ్‌మాంట్ తన భూభాగం మీదుగా స్విట్జర్లాండ్‌లోని టిచీనోకు ఉప్పు రవాణాను అనుమతించింది. ఇది పాత ఒప్పందానికి విరుద్ధమంటూ ఆస్ట్రియా 1846లో పీడ్‌మాంట్ వైన్‌పై దిగుమతి సుంకాన్ని భారీగా పెంచింది.

గమనించండి: తగవు ఉప్పు గురించి, దెబ్బ వైన్‌పై. భూస్వామికీ, చిన్న రైతుకూ ఒకేసారి తగిలే సరుకు అది. అంతవరకు ఏకీకరణ ఎక్కువగా విద్యావంతుల ఆశయం. ఇప్పుడు ఆస్ట్రియా సరిహద్దు రైతు రాబడికీ అడ్డుగోడగా కనిపించింది. రాజు చార్లెస్ ఆల్బర్ట్ లొంగకపోవడంతో జాతీయవాదులలో అతని ప్రతిష్ఠ పెరిగింది. 1848లో అతడు ఆస్ట్రియాపై యుద్ధానికి దిగి ఓడిపోయాడు. 1859లో ఫ్రాన్స్ సాయంతో పీడ్‌మాంట్ గెలిచి లొంబార్డీని కలుపుకున్నది. 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడింది.

సుంకమే ఏకీకరణకు కారణమని మీరు నిర్ధారించరాదు. మాజినీ ప్రచారం, కవూర్ దౌత్యం, ఫ్రాన్స్ సైన్యం లేకుండా అది సాధ్యమయ్యేది కాదు. కానీ జాతీయభావం గ్రంథాల ద్వారానే వ్యాపించదు. పండించిన సరుకు పక్క ఊరి సంతకు చేరనప్పుడు సరిహద్దు ఎవరు గీశారన్న ప్రశ్న రైతుకూ వస్తుంది. ఏకీకరణ కారణాలు రాసేటప్పుడు ఈ ఆర్థిక కోణాన్ని విడిచిపెట్టకండి.