తన్ఖా, తనఖా

పోయిన నెల మా మెట్‌పల్లిలో ఒక వలీమా దావత్‌కు వెళ్తే దస్తర్‌ఖాన్ దగ్గరే బహస్ మొదలైంది. డాక్టర్‌కు తన్ఖా ఎక్కువ ఉండాలా, ఫౌజీకా? మామూ కొడుకు ఎంబీబీఎస్ చదువుతున్నాడు, చిచ్చా కొడుకు ఫౌజులో జవాను. ఎవరి వకాలత్ వారిదే. ఈ సవాల్‌కు మన దక్కన్ తారీఖ్ ఒకసారి కాదు, మూడుసార్లు జవాబు చెప్పింది. మూడుసార్లూ ఆ జవాబుకు మనం భూమి రూపంలో ఖరీదు కట్టాం.

ముందు మాట సంగతి చూద్దాం. ఉర్దూలో తన్ఖా అంటే జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. రెండూ ఒకటే మాట. మొగలుల దఫ్తర్‌లో తన్ఖా అంటే చేతికిచ్చే రూపాయలు కాదు. ఫలానా ఊళ్ల శిస్తును నీ జీతం కింద వసూలు చేసుకో అని రాసిచ్చే హుకుం. జీతం బదులు జమీన్ చూపించడమన్న మాట. తెలుగువాడు ఆ మాటను తాకట్టు అర్థంలో ఎందుకు పట్టుకున్నాడో తెలియాలంటే మన నక్షా చూస్తే చాలు.

1753లో నిజాం సలాబత్ జంగ్ దగ్గర ఫ్రెంచి సేనాని బుస్సీ ఫౌజు ఉండేది. ఖజానాలో పైసల్లేవు. సిపాయిల జీతాల కింద ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి రాసిచ్చారు. అవే తర్వాత ఇంగ్లీషువారి చేతికి పోయాయి. కోస్తా అట్లా దూరమైంది.

1800లో నిజాం అలీ ఖాన్ వంతు. కంపెనీవారి సబ్సిడియరీ ఫోర్స్ ఖర్చు కోసం కడప, అనంతపురం, బళ్లారి వైపు ఇలాఖాలు ఇచ్చేశాడు. ఇవి 1792, 1799 మైసూరు జంగ్‌ల తర్వాత టిప్పు సుల్తాన్ రాజ్యం నుంచి నిజాం వాటాకు వచ్చినవి. సుల్తాన్ షహీద్ అయి రెండేళ్లు కూడా నిండలేదు, ఆయన జమీన్ కంపెనీ సిపాయిల జీతంగా మారింది. దత్త మండలాలు అని పుస్తకాల్లో చదువుకున్నది దీన్నే.

మూడోది అన్నిటికంటే చేదు. హైదరాబాద్ కాంటింజెంట్ అని ఒక ఫౌజు ఉండేది. ఖర్చు నిజాంది, అధికారులు ఇంగ్లీషువారు, పెత్తనం రెసిడెంట్‌ది. దీని జీతాలకే దివాన్ చందూలాల్ కాలంలో పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశారు. బకాయిలు పెరిగి పెరిగి చివరికి 1853 మేలో నాసిరుద్దౌలా చేత కరారునామా మీద దస్తఖత్ చేయించారు. బేరార్, రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ పోయాయి. దివాన్ సిరాజుల్ ముల్క్ ఆ నెలలోనే ఇంతెకాల్ అయ్యాడు. ఆయన భతీజా సాలార్ జంగ్ గద్దెనెక్కేసరికి చేతికి వచ్చింది బాకీల బస్తా. 1860లో రాయచూర్, నల్‌దుర్గ్ తిరిగి వచ్చాయి. బేరార్ రాలేదు. 1902లో కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. ఆ కాంటింజెంట్ పల్టన్లు మాత్రం బతికే ఉన్నాయి. ఇవాళ్టి కుమాఊ రెజిమెంట్‌కు మూలం అక్కడే.

మన కరీంనగర్ వైపు మాత్రం తనఖాకు పోలేదు. అందుకే ఇక్కడ 1948 దాకా సర్కారీ కాగితం ఉర్దూలో నడిచింది.

మరి డాక్టర్ సంగతి? బకాయిల గొడవ నడుస్తున్న రోజుల్లోనే, 1846లో, అదే నాసిరుద్దౌలా హైదరాబాద్‌లో మెడికల్ స్కూల్ పెట్టించాడు. రెసిడెన్సీ సర్జన్ మెక్లీన్ దాన్ని నడిపాడు. ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో చెప్పేవారు. ఉస్మానియా మెడికల్ కాలేజీకి అది పునాది. ఉర్దూ మీడియం బెంచీ మీద కూర్చుని వచ్చిన నాకు ఈ ఒక్క విషయం తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ ఉప్పొంగుతుంది. అప్పటి రెసిడెంట్ ఫ్రేజర్ సాబే. కాంటింజెంట్ బాకీ కోసం నిజాం గుమ్మం తొక్కిందీ ఆయనే. ఆ స్కూలు కోసం ఒక్క తాలూకా కూడా తాకట్టుకు పోలేదు. హకీం, డాక్టర్ జీతం ఆగితే ఎవడూ సర్‌హద్దు దాటి రాడు. సిపాయి జీతం ఆగితే బందూక్ పట్టుకుని దేవిడీ ముందు కూర్చుంటాడు, వాడి వెనక ఒక కంపెనీ ఉంటుంది. సిపాయికి ముందు దక్కింది అందుకే. వాడి పని గొప్పదనా, డాక్టర్ పని తక్కువదనా అని ఎవరూ తూచలేదు.

ఇంకో మాట, ఆ లక్షలు సిపాయి ఇంటికీ చేరలేదు. కాంటింజెంట్‌లో పెద్ద మొత్తాలు తిన్నది ఇంగ్లీషు అధికారుల జీతాలే.

ఇప్పటి లెక్క చూడండి. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్ర సర్కారీ డాక్టర్ మూల వేతనం 56,100తో మొదలవుతుంది. ఫౌజులో లెఫ్టినెంట్‌దీ అంతే. డాక్టర్‌కు పైన ప్రాక్టీసు చేయనందుకు 20 శాతం అలవెన్సు, లెఫ్టినెంట్‌కు మిలిటరీ సర్వీస్ పే 15,500. జవాన్‌ది 21,700తో మొదలు, సర్వీస్ పే 5,200. అంటే డాక్టర్‌కూ ఫౌజీ అఫ్సర్‌కూ మధ్య పెద్ద తేడా లేదు. ఖాయీ అంతా అఫ్సర్‌కూ జవాన్‌కూ మధ్యనే ఉంది. సర్వీస్ పే అనేది ఫౌజీ బతుకులోని కష్టానికీ, జాన్ మీది ఖతరాకూ ఇచ్చేది. సియాచిన్ చలి ర్యాంకు అడిగి కొరకదు కదా! 2018లో జేసీవోలకైనా దాన్ని పెంచమని ఫౌజు అడిగితే ఆర్థిక శాఖ ఒప్పుకోలేదు.

నా రాయి అడిగితే ఇది: ఆ 5,200ను 15,500 చేయాలి. సర్కారీ దవాఖానా డాక్టర్‌కు సాయంత్రం సొంత క్లినిక్ వైపు చూడనవసరం లేనంత ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ఖజానా నుంచి ఇవ్వొచ్చు, మామూ కొడుకు దగ్గర గుంజి చిచ్చా కొడుక్కు పెట్టక్కరలేదు.