బండి జాడ సరే, మనిషి జాడో?

పెట్రోలు లారీలు ఏ బంకు తర్వాత ఏ బంకుకెళ్తే దూరం తగ్గుతుందో 1959లో డాంట్‌జిగ్, రామ్‌జర్ లెక్క కట్టారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఇప్పటికీ దాంతోనే కుస్తీ పడుతున్నాం. 2000 మేలో అమెరికా జీపీయస్ సిగ్నల్లో కావాలని పెట్టిన తప్పు తీసేశాక బండి జాడ కూడా కచ్చితంగా దొరకసాగింది.

ఆ జీపీయస్సే 2021 జనవరిలో మన రాష్ట్రంలో 9,260 రేషన్ బళ్ళెక్కింది. పొన్నూరు వీధుల్లోకీ బియ్యం బండి వచ్చింది. బండి ఎక్కడుందో తెలుస్తుంది గానీ, నాట్లకో మిరపకోతలకో వెళ్ళినావిడ ఇంటికెప్పుడొస్తుందో దానికేం తెలుసు? ఇంట్లోవాళ్ళెవరో ఒకరు వేలిముద్ర వేస్తేనే కదా బియ్యం! బండికోసం కూలి మానుకోవాలా?

2025 జూన్ 1 నుంచి మళ్ళీ రేషన్ షాపులే. 65 దాటినవాళ్ళకీ, దివ్యాంగులకీ మాత్రం ఇంటికే.

డాంట్‌జిగ్ లెక్కలో బంకు ఎటూ పోదు. మనుషులు పనికి పోతారు. లెక్క అక్కడే తప్పిందని నాకనిపిస్తుంది. మీరేమంటారు?