పట్టా, ముల్కీ, సీనియారిటీ: హైదరాబాదు కొలువుల్లో చదువుకున్నవారి ఎదుగుదల

హైదరాబాదు సర్కారు కొలువుల్లో పదోన్నతి చరిత్ర పట్టభద్రులే లేని కాలం నుంచి మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దం నడిమి దాకా నిజాం రాజ్యపు లెక్కాడొక్కా రెండు ఇళ్ల చేతిలో ఉండేది. దఫ్తర్-ఎ-మాల్ మాల్వాలా కాయస్థులది, దఫ్తర్-ఎ-దివానీ రాయ్ రాయాన్ కుటుంబానిది. చార్మినార్‌కు దగ్గరలో నిలిచిన మాల్వాలా దేవిడీ అటు నివాసం, ఇటు అధికారం. తండ్రి పట్టిన కలం కొడుకు పట్టేవాడు. ఫార్సీ రాత, జమాబందీ (శిస్తు) లెక్క ఇంట్లోనే అబ్బేవి. పుట్టుకతోనే దక్కే ఉద్యోగంలో పైమెట్టు అన్న ఊహకు తావు లేదు.

ఆ పద్ధతిని కదిలించినవాడు మొదటి సాలార్‌జంగ్. 1853లో దివాను పదవి చేపట్టి 1883లో కన్నుమూసేదాకా పాతబస్తీలోని దివాన్ దేవిడీ నుంచే రాజ్యం నడిపాడు. 1865 నాటి జిలాబందీతో జిల్లాలు ఏర్పడ్డాయి. పైన అవ్వల్ తాలూక్‌దారు, ఆ కింద దోయం, సోయం తాలూక్‌దార్లు, వారి కింద తహసీల్దారు. హైదరాబాదులో ఉద్యోగానికి మెట్లు కట్టింది ఇదే. మెట్లయితే ఏర్పడ్డాయి కానీ, వాటిని ఎక్కగల చదువరులు రాజ్యంలో చాలలేదు. సాలార్‌జంగ్ వారిని ఉత్తరాది నుంచి పిలిపించాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సిన్-ఉల్-ముల్క్, వికార్-ఉల్-ముల్క్ అలా వచ్చినవారే. పాలనకు వారు చేసిన మేలు కాదనలేనిది. అయితే పై కుర్చీలన్నీ బయటివారితో నిండితే కింద చేరిన స్థానికుడికి దారి మూసుకుపోయినట్టే. నగరాన్ని ఆ తర్వాత వందేళ్లకు పైగా వేధించిన ముల్కీ (స్థానికుడు), గైర్ ముల్కీ (బయటివాడు) తగాదాకు బీజం ఇక్కడ పడింది.

స్థానికుల్ని చదివించడమే దీనికి మందు అని సర్కారు త్వరలోనే గ్రహించింది. 1887లో నిజాం కాలేజీ రూపుదిద్దుకుంది. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. చదువు ఇంగ్లీషులో సాగేది, చేరేవారు కొద్దిమంది. అసలు మార్పు నిజాం సర్కారు అధికారి అక్బర్ హైదరీ సూచన మీద వెలువడిన 1917 ఫర్మానాతో వచ్చింది. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడి, 1919లో తరగతులు మొదలుపెట్టింది. మూసీ ఒడ్డున హైకోర్టు పక్కన సిటీ కాలేజీ భవనం లేచింది. పాతబస్తీ గల్లీల పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని నడిచివెళ్లి డిగ్రీ దారి పట్టగలిగారు. సామాన్య కుటుంబాల వారికి సర్కారు కొలువు అందుబాటులోకి తెచ్చిన సంస్థల్లో సిటీ కాలేజీకి ఇవ్వవలసినంత ఘనత ఇంకా ఇవ్వలేదు.

1919లోనే ముల్కీ నిబంధనలూ వచ్చాయి. రాజ్యంలో పుట్టినవారు, లేదా 15 ఏళ్లు ఇక్కడ నివసించి ఇక్కడే స్థిరపడతామని ప్రమాణపత్రం రాసినవారు ముల్కీలు. ప్రత్యేక అనుమతి లేకుండా ఇతరులకు ఉద్యోగం ఇవ్వకూడదు. విశ్వవిద్యాలయం పట్టా ఇస్తే, ముల్కీ సర్టిఫికెట్టు ఆ పట్టాకు కొలువు ఇప్పించింది. ఒకటి లేనిదే రెండోది చెల్లని కాలం అది. అయినా ఉన్నత పదవుల్లో బయటివారు తగ్గలేదన్న అసంతృప్తితో 1930ల్లో, హైదరాబాదు హైదరాబాదీలదే అన్న నినాదంతో, నిజాం ప్రజల సంఘం పుట్టింది.

హైదరాబాదును భారతదేశంలో కలిపిన 1948 సెప్టెంబరు పోలీసు చర్య ఈ తరం కాళ్ల కింద నేలను లాగేసింది. ఉర్దూలో డిగ్రీ చదివి, ఉర్దూలో ఫైళ్లు రాసినవారికి ఆఫీసు భాష రాత్రికి రాత్రే పరాయిదైంది. 1949లో జాగీర్దారీ రద్దయింది. జాగీరు కచేరీలనే నమ్ముకున్న గుమాస్తాలు వీధిన పడ్డారు. పాతబస్తీ దిగజారుడుకు ఎన్నో కారణాలు చెబుతారు గానీ, చదువుకున్న మధ్యతరగతి ఒక్కసారిగా జీతం, హోదా పోగొట్టుకోవడం వాటిలో ప్రధానమైనది. ఇంగ్లీషు వచ్చిన అధికారులు మద్రాసు, బొంబాయి ప్రాంతాల నుంచి దిగారు. బోగస్ ముల్కీ సర్టిఫికెట్ల మీద ఆగ్రహం వరంగల్‌లో రాజుకుని నగరానికి పాకింది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ పరిసరాల్లోనూ అఫ్జల్‌గంజ్ వైపూ పోలీసు కాల్పుల్లో యువకులు ప్రాణాలు కోల్పోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. సర్కారు ఉద్యోగం కోసం విద్యార్థులు ప్రాణాలొడ్డారంటే, ఇతర ఉపాధి అప్పట్లో ఎంత తక్కువో అర్థమవుతుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తగవు కొలువు ఎవరికన్న చోట ఆగలేదు, పై కుర్చీ ఎవరిదన్న చోటికి జరిగింది. ఆంధ్రరాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రం అనే రెండు ప్రభుత్వాల సిబ్బందిని ఒకే సీనియారిటీ జాబితాలో కలపాలి. ఇద్దరు యూడీసీల్లో (అప్పర్ డివిజన్ క్లర్కుల్లో) ఒకరు ఆంధ్రరాష్ట్ర రాజధాని కర్నూలు నుంచి, ఇంకొకరు హైదరాబాదు కచేరీ నుంచి వస్తే ఎవరు ముందు? 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అక్కడ త్వరగా దక్కిన పదోన్నతులను లెక్కలోకి తీసుకుంటే తాము వెనకబడతామని తెలంగాణ ఉద్యోగులు వాదించారు. జాబితాలో నాలుగు వరసలు కిందికి జారితే జీవితకాలమంతా ఒక మెట్టు తక్కువలోనే రిటైరు కావలసివస్తుంది. ఈ బాధ తెలియనివారికి 1969లో టీఎన్జీవోలు (తెలంగాణ నాన్‌గెజిటెడ్ ఉద్యోగులు) విధులు మాని రోడ్డెక్కిన తీరు అంతుపట్టదు. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు, ఉద్యోగానికి స్థానిక నివాసం కోరే నిబంధనల చట్టాన్ని తెలంగాణ విషయంలో కొట్టేసింది. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. మొదటి తీర్పు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మధ్యలో వచ్చింది, రెండోది ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమానికి నిప్పు పెట్టింది.

1973 సెప్టెంబరు 21న కుదిరిన ఆరు సూత్రాల పథకం పదోన్నతిని నేరుగా ప్రస్తావించింది. స్థానికుల పదోన్నతి అవకాశాలు మెరుగుపడేలా కేడర్లను స్థానికంగా ఏర్పరచాలన్నది అందులోని మాట. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని అమలుకు తెచ్చాయి. రాష్ట్రం ఆరు జోన్లయింది. ఎల్డీసీ (లోయర్ డివిజన్ క్లర్కు) స్థాయిలో 80, దానిపై నాన్‌గెజిటెడ్ పోస్టుల్లో 70, నిర్దిష్ట గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. సీనియారిటీ, పదోన్నతి, బదిలీ అన్నీ ఆ కేడర్ లోపలే. అయితే సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు ఈ కట్టడి బయట ఉండిపోయాయి. ఆరో జోన్‌లోని నగర యువకుడికి మూసీ దాటితే కనిపించే అతిపెద్ద ఆఫీసులే అతని వాటా లెక్కలోకి రాలేదు. స్థానిక నిబంధనలు ఉల్లంఘించి చేసిన నియామకాలను సరిదిద్దమని 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది, అమలు ఏళ్ల తరబడి నానింది.

నగర పోలీసు శాఖ కూడా ఈ కట్టడికి మినహాయింపుగా ఉండేది. 1975 ఉత్తర్వులోని 14-ఎఫ్ నిబంధన ఆధారంగా 2009 అక్టోబరులో సుప్రీంకోర్టు హైదరాబాదును ఫ్రీజోన్‌గా భావించింది. డిగ్రీతో సబ్‌ఇన్‌స్పెక్టరుగా చేరి ఇన్‌స్పెక్టరు, ఏసీపీ మెట్లెక్కాలనుకునే అభ్యర్థులకు ఇది పోటీని రాష్ట్రమంతటికీ తెరవడమే. ఆ నవంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం మొదలైన నిరాహార దీక్ష వెనుక ఈ తీర్పు రగిల్చిన కోపం ఉంది. తర్వాత ఆ నిబంధన తొలగింది.

2014లో తెలంగాణ వచ్చింది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పరచి, స్థానికుల వాటాను 95 శాతానికి పెంచింది. హైదరాబాదు ఉన్న జోన్ పేరు చార్మినార్. 2021 డిసెంబరులో 317 జీవో ప్రకారం సిబ్బందిని కొత్త కేడర్లకు పంచినప్పుడు జూనియర్లు ఊళ్లు మారారు, సీనియారిటీ జాబితాలు మళ్లీ రాసుకోవలసివచ్చింది. అదే ఏడాది పదవీ విరమణ వయసు 58 నుంచి 61కి పెరిగింది. దిగిపోవలసినవారు మరో మూడేళ్లు కుర్చీలో ఉండడంతో, డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై ఎదురుచూసిన జూనియర్ అసిస్టెంటు సీనియర్ అసిస్టెంటు కావడానికి అన్నాళ్లూ ఆగాల్సివచ్చింది.